సొంతదారు లేని నొప్పి

చచ్చిపోయిన వీరనారాయణ నొప్పి ఆ పొద్దున పాలకేంద్రం దగ్గర దిగింది.

ముందు మస్తాన్‌కి తగిలింది. పాలు కొలిచే మస్తాన్, "ఏంది పెద్దమ్మా, ఇయ్యి గేదె ఇచ్చిన పాలా, బోరింగు ఇచ్చిన పాలా?" అని తిరుపాలమ్మను ఆటపట్టిస్తున్నవాడు కాస్తా, ఉన్నట్టుండి కొలపాత్ర జారవిడిచి, కుడిచెయ్యి చంకలో ఇరికించుకుని గిలగిలా కొట్టుకున్నాడు. నిప్పు లేదు. పొయ్యి లేదు. చేతి మీద చిన్న బొబ్బైనా లేదు. ముఖం చూస్తే మాత్రం కాగే నూనెలో చెయ్యి ముంచినవాడి ముఖం.

"వొచ్చిందిరోయ్!" అని వరసలో ఎవరో కేకేశారు.

ఆ కేకతో వరస చెల్లాచెదురైంది. క్యాన్లు దొర్లాయి. పాలన్నీ కాళ్ళకింద బురదయ్యాయి. మస్తాన్ తేరుకుని ఊపిరి పీల్చుకునేలోపే అది అతన్ని వదిలి దూకేసింది. పక్కనున్న బాలకోటమ్మ వీపు విల్లులా విరుచుకుని కూలబడింది. ఆమె లేచేసరికి ఎదురుగా ఇద్దరు మగాళ్ళు ఒక్కసారే అరిచారు.

వరస పక్కన నిలబడ్డ మాల్యాద్రి బెదిరింది అక్కడే. నిన్నటిదాకా అది ఒకసారికి ఒక్కరినే పట్టేది. ఇవాళ ఇద్దరిని పట్టింది.

"అమ్మా, ఇంటికి పద," అని తల్లి తిరుపాలమ్మ రెక్క పట్టుకున్నాడు.

"పాలురా!"

"పాలు పోతే పోయినయ్. సుకన్య ఒక్కతే ఉంది."

ఆ పేరు వినగానే తిరుపాలమ్మ కొంగు నడుముకి బిగించి కొడుకుకంటే ముందు నడిచింది. వెనకాల మాల్యాద్రి చెవి వెనకున్న బిళ్ళను తడుముకున్నాడు. చింతగింజంత ఉంటుంది. ముండ్లగుంటపాడులో పెళ్ళీడు దాటినవాళ్ళలో ఒక్కరు తప్ప ప్రతి మనిషి చెవి వెనకా అదే బిళ్ళ. దాన్ని తయారుచేసింది పరాయివాడు కాదు, తనే.

ఇంటి వసారాలో అతని పెళ్ళాం సుకన్య కందిపప్పు చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తొమ్మిదో నెల జొరబడింది. దానికితోడు రక్తపోటు. "గట్టి అదురేదన్నా తగిలిందా, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండమే," అని ఒంగోలు కాన్పుల డాక్టరమ్మ ముందే చెప్పింది.

"వొచ్చిందా?" అన్నాడు మాల్యాద్రి, గడపైనా ఎక్కకుండా.

"ఏది బావా? మీ వీరనారాయణ బాబాయా?" సుకన్య నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. "ఇందాక మోచేతి కాడ చురుక్కుమంది. అగ్గిపుల్ల ఆర్పినట్టు. వెంటనే పోయింది."

"మొన్న ఎట్టా ఉంది?"

"మొన్న చీమ కుట్టినట్టుంది."

మొన్న చీమ. ఇవాళ అగ్గిపుల్ల. మరి రేపు? చేటలో గింజలు మాత్రం ఆమె చేతికింద గలగలమంటూనే ఉన్నాయి.

* * *

ఆ ఊరి నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. నడివయసు రాకముందే నడుములు కొడవళ్ళవుతాయి, మోకాళ్ళు మొద్దులవుతాయి. అక్కడ ముసలితనానికి తలనెరవక్కర్లేదు, నీళ్ళు తాగితే చాలు. తిరుపాలమ్మ రాత్రిళ్ళు మూలిగే మూలుగు విని పెరిగినవాడు మాల్యాద్రి. ఒంగోల్లో ఇంజనీరింగు చదివాడు. కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి ఎట్లా మాట్లాడుకుంటాయన్నది అతని చదువు. తర్వాత డాక్టర్ హైమవతి ప్రయోగశాలలో చేరాడు.

హైమవతి అప్పటికే సగం పని చేసి పెట్టింది. ఒక మనిషి నరంలో పారే నొప్పిని పట్టి ఇంకో మనిషి నరంలోకి పంపగలదు. అక్కడే బండి దిగబడింది. ఇవతలివాడి అరుపు ఆగేది, అవతలివాడు అందుకునేవాడు.

"ఇది వైద్యం కాదు మాల్యాద్రీ, అప్పగింతలు," అని ఆమే విసుక్కునేది.

"ముక్కలు చేద్దాం మేడమ్," అన్నాడు అతను. "కంప్యూటర్లు చేసేది అదే. పెద్ద ఉత్తరాన్ని ఒక్కముక్కగా పంపవు. చించి, ముక్కముక్కకీ వరస అంకె వేసి, ఎవరిదో ఎవరికో రాసి, తలా ఒక దారిన వదుల్తాయి. మా అమ్మ మోకాలి నొప్పిని వందమందికి పంచితే ఒక్కొక్కడికి దోమ కుట్టినంత కూడా ఉండదు."

అలా పుట్టింది ఆ బిళ్ళ. దానికో మర్యాద నేర్పాడు మాల్యాద్రి. ఒక బిళ్ళ ముందు పక్క బిళ్ళను పలకరిస్తుంది: ఉన్నావా? అది బదులిస్తుంది: ఉన్నా, పంపు. ఇది మళ్ళీ చెబుతుంది: ఇదిగో, పంపుతున్నా. అప్పుడుగానీ ముక్క కదలదు. అందుకున్న మనిషి దాన్ని రెప్పపాటు మోస్తాడు. మోశాక అతని బిళ్ళ, నొప్పి సొంతదారు బిళ్ళకు "దించాను" అని కబురు చేస్తుంది. సొంతదారు బిళ్ళ "సరే" అంటుంది. ఆ "సరే" వినపడగానే ముక్క చెరిగిపోతుంది. వినపడకపోతే, కబురు దారిలో పోయిందేమోనని, బిళ్ళ ఒక నకలు తన దగ్గరుంచుకుని ముక్కను ఇంకో మనిషికి అందిస్తుంది. కేకేస్తే వినపడేంత దూరంలో ఎవరున్నా చాలు, గోడలు అడ్డం రావు.

"ముక్కకి ఆయుష్షు పెట్టావా?" అని అడిగింది హైమవతి. "ఇన్ని చేతులు మారాక దానంతటదే చెరిగిపోవాలి. ఎక్కడైనా అదే పద్ధతి. లేకపోతే దారితప్పిన ముక్క తిరుగుతూనే ఉంటుంది."

"మా ఊళ్ళో బదుళ్ళకి ఆయుష్షు ఉండదు మేడమ్."

బదుళ్ళంటే ఆమెకు తెలియదు. అతను చెప్పాడు. ఇవాళ మీ చేలో మిరపకాయలు కొయ్యడానికి నేనొస్తా, రేపు మా చేనికి మీరు రావాలి. కూలి మాట లేదు. వచ్చినవాడు జబ్బుపడితే పెళ్ళాం వచ్చి తీరుస్తుంది. పోతే కొడుకొచ్చి తీరుస్తాడు. బదులు మాత్రం చావదు. బదులుకి పిలిస్తే రానన్న ఇల్లు ఆ ఊళ్ళో లేదు. అందుకే బిళ్ళకి "నావల్ల కాదు" అనే మాట కూడా నేర్పలేదు.

హైమవతికి అది నచ్చలేదు. కానీ ఊళ్ళోకి వచ్చి ఆడవాళ్ళతో మాట్లాడాక ఒప్పుకుంది. అంతకుముందు ఆమె ఎంత చెప్పినా "మాకెందుకమ్మా ఊరోళ్ళ నొప్పులు" అని మూతి తిప్పినవాళ్ళు, "బదుళ్ళే గదే" అని మాల్యాద్రి ఒక్కమాట అనేసరికి జుట్టు పక్కకి తీసి చెవులు చూపించారు. వీరనారాయణ పెళ్ళాం నాంచారమ్మ ఒక్కతే వద్దంది. "నా నొప్పితో నేను ఊసులాడుకుంటా. దాన్ని కూడా పంపిస్తే నాకింక ఎవురున్నారు?" అంది. ఆవిడకు పిల్లల్లేరు.

బిళ్ళలు పెట్టిన వారానికి తిరుపాలమ్మ గొంతుక్కూర్చుని పేడ ఎత్తింది. ఎన్నేళ్ళకో. లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. చిన్నపిల్లలా అట్లా లేస్తూ కూర్చుంటూ ఏడ్చింది. ఆ రోజు మాల్యాద్రిని ఊరు భుజాల మీద ఎక్కించుకోలేదు గానీ అంత పని చేసింది.

* * *

పొగాకును వేడి గొట్టాలతో ఎండబెట్టే బ్యారన్‌లో ఆకు కాలే వేళ మంట చూసుకోవడానికి వీరనారాయణ వెళ్ళాడు. బయట అరుగు మీద కాకుండా లోపలి గొట్టాల పక్కన, వెచ్చగా ఉందని, కునుకు తీశాడు. ఎండుటాకు మీద రవ్వ పడింది. జనం పోయేసరికి ఆర్పడానికి ఏం మిగల్లేదు. గోడకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. "పొగకి ఊపిరాడక నిద్దట్లోనే పోయాడు, మారాజు, బాధ తెలీలేదు," అని ఊరంతా నాంచారమ్మని ఓదార్చింది.

బాధ ఆయనకి తెలియకపోయినా ఊరికి తెలిసింది. మంట అంటుకున్న ఆ కాసేపు ఊళ్ళో అందరూ ఒళ్ళు గీరుకున్నారు. చీమలనుకున్నారు. బిళ్ళకి మోకాలి నొప్పీ మంట నొప్పీ ఒకటే. రెండూ ముక్కలే. ఉత్తరం మోసేవాడు ఉత్తరం చదవడు గదా. ఆ ముక్కలు మోసిన బిళ్ళలు "దించాం, దించాం" అని వీరనారాయణ బిళ్ళకి కబురు పెట్టాయి. ఆ బిళ్ళ ఆయనతో పాటే కాలిపోయింది. "సరే" అనేవాడు లేడు.

అప్పటినుంచి ఆ ముక్కలు తిరుగుతున్నాయి. ఆయుష్షు లేదు కాబట్టి చావవు. కాదనే మాట లేదు కాబట్టి ఎవరూ తోసిపుచ్చలేరు. "సరే" రాలేదని ప్రతి బిళ్ళా తన నకలు తను మళ్ళీ పంపుతుంది. చేలో తుంగ గడ్డి లాంటిది. నరికినకొద్దీ గడ్డ గడ్డకీ మొలకే. ఒక ముక్క చీమ కుట్టినట్టుంటే, అదే ముక్క నకళ్ళు గుంపుగా ఒకే ఒంట్లో దిగితే సలసల కాగే పెనం.

జనం ఒకరి దగ్గర ఒకరు నిలబడటం మానేశారు. మొగుడూ పెళ్ళాలు ఎడమెడంగా పడుకుంటున్నారు. మల్లికార్జునమనే కుర్రరైతు భయపడి ఊరొదిలి బస్సెక్కాడు. ఊరు దాటాక అతని బిళ్ళలో ఉన్న ముక్కల్ని అందుకునేందుకు పక్కన ఇంకో బిళ్ళ లేదు. అవి అతనిలోనే గిరగిరా తిరిగాయి. కండక్టరు దయ తలచి ఎదురు బస్సెక్కించి పంపితే, మనిషి ఊళ్ళో దిగేసరికి నాలుక కొరికేసుకుని ఉన్నాడు. అందుకే సుకన్యని ఒంగోలు తీసుకుపోయే ధైర్యం మాల్యాద్రికి చాల్లేదు. బిళ్ళ కోసి తీయిద్దామంటే దాని పోగులు నరంలోకి అల్లుకుని ఉన్నాయి, ఈ నెలల్లో మత్తు ఇవ్వలేమని డాక్టర్లన్నారు.

మొత్తం ఆపేద్దామా అంటే అదీ కాదు. ఆపిన క్షణాన సొంతదారు లేని ఏ ముక్క ఎవరి దగ్గరుంటే వాళ్ళ ఒంట్లోనే అతుక్కుపోతుంది. ఆ క్షణాన అది ఎవరి దగ్గరుంటుందో చెప్పేవాడెవడు?

* * *

పాలకేంద్రం గొడవ అయ్యాక హైమవతి కారేసుకుని వచ్చేసింది. ఊరి పాత గ్రంథాలయం గదిలో ఈ బిళ్ళలన్నిటినీ కనిపెట్టి ఉండే పెట్టె ఒకటుంది. దాని ముందు కూర్చుని ముక్కల అంకెలు ఒక్కొక్కటే చూసింది. మాల్యాద్రి, తిరుపాలమ్మ గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"ముక్కల మీద వీరనారాయణ నంబరుంది," అంది చివరికి. "అవి వెతికేది ఆ నంబర్నే. ఆ నంబరు ఎవరన్నా పెట్టుకుంటే అన్నీ వాళ్ళ దగ్గరికొస్తాయి. వరసలో కూర్చుంటాయి. దిగుతాయి. 'సరే' అనగానే చెరుగుతాయి. తర్వాత పెట్టె ఆపినా ఎవరికీ ప్రమాదం లేదు."

"ఆ సరే ఏదో పెట్టెతోనే అనిపించొచ్చు గదమ్మా?" అంది తిరుపాలమ్మ.

మాల్యాద్రి తల దించుకున్నాడు. "కుదరదమ్మా. ప్రాణమున్న నరంలోంచి వస్తేనే బిళ్ళలు నమ్ముతాయి. బదులుకొచ్చి చేను గట్టున కూర్చుని పోయేవాళ్ళుంటారని, దొంగ 'సరే'లు పడకుండా నేనే బిగించా."

"అబ్బో, గట్టిగానే బిగించావులే," అని గుమ్మంలోంచి వినపడింది.

నాంచారమ్మ. చేతిలో కర్ర, నుదుట బొట్టు లేదు. లోపలికొచ్చి, ఎవరూ కూర్చోమనకపోయినా బల్ల మీద కూర్చుంది.

"ఆ నంబరు నాకు పెట్టు. నా మొగుడిది. ఊరంతా రవ్వ రవ్వ పంచుకున్నారు, నాకే అందలా."

"నీకు బిళ్ళ లేదు పిన్నీ. ఇయ్యాళ పెట్టినా పోగులు పట్టుకోను నెల పడుతుంది."

"అయితే నువ్వు పెట్టుకో." ఆవిడ గొంతు పెంచలేదు. "చేసినోడివి నువ్వేగదా అబ్బాయ్? పొయ్యి ఎవురు రాజేస్తే బూడిద వాళ్ళే ఎత్తాల. ఎత్తి, ఆయన ఎట్టా పోయాడో నాకొచ్చి చెప్పు. 'బాధ తెలీలేదు, బాధ తెలీలేదు' అని నన్ను జోకొడతన్నారు. తెలీని బాధైతే ఊరిమీద పడి ఎందుకు తిరగతంది?"

మాల్యాద్రి బయటికెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. ఒంటికి పోసుకోవాలనిపించింది, రాలేదు. లోపలికొచ్చాడు. మళ్ళీ బయటికెళ్ళాడు. కాలుతూ చచ్చిన మనిషి నొప్పి మొత్తం ఒక్కడి ఒంట్లో. గుండె తట్టుకుంటుందా? తట్టుకోకపోతే ఆ నంబరు మళ్ళీ దిక్కులేనిదే అవుతుంది, తన నొప్పి కూడా దానికి జతపడుతుంది. సుకన్య చేటలో గింజలు గలగలమంటున్న చప్పుడు చెవిలో తిరిగింది.

"నాకు బిళ్ళ లేదు," అంది హైమవతి, అతని ముఖం చూడకుండా.

"ఉన్నా మీరు పెట్టుకోరు మేడమ్."

"పెట్టుకోను," అంది ఆమె నిజాయితీగా. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

తిరుపాలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. తన రెండో చెయ్యి కూడా వేసి నొక్కింది.

"పెట్టండి," అన్నాడు మాల్యాద్రి. కుర్చీలో కూర్చుని, దాని చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

* * *

ముందు ఏమీ లేదు. తర్వాత అరచేతిలో చిన్న వెచ్చదనం. కునుకుపట్టే మనిషికి ఎవరో నెమ్మదిగా తట్టినట్టు.

మళ్ళీ తట్టింది, కాస్త గట్టిగా. తర్వాత మణికట్టు. తర్వాత పాదం మీద ఒక చురుకు, ఆ వెంటనే మడమ మీద, ఆ వెంటనే పిక్క మీద. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళకి ఒకరికి పాదం, ఒకరికి వీపు, ఒకరికి చెయ్యి ఎట్లా పడితే అట్లా తగిలిన ముక్కలు ఇప్పుడు వరసలో వస్తున్నాయి. మంట పెరుగుతోంది. మాల్యాద్రి నోరు తెరిచాడు, అరుపు రాలేదు. కళ్ళముందు గది పోయింది. వీపున భగ్గుమంది. ఇంక ఇదే చావనుకున్నాడు.

కానీ ఆ మంటలో ఒక తీరుంది. పాదం కాల్చింది, కాలు తియ్యమని. చెయ్యి కాల్చింది, గోడ వదలమని. వీపు కాల్చింది, ఇటు కాదు అటు తిరగమని. వాకిలి ఉన్న వైపు ఒక్కటే చల్లగా ఉంది. ఒళ్ళంతా ఒకటే గోల: లే. లే. లేచి పరిగెత్తు.

మాల్యాద్రి లేవాలనుకోలేదు. కాళ్ళే లేచాయి. కుర్చీ వెనక్కి పడింది. హైమవతి ఏదో అరిచింది. అతను ఆమెను తోసుకుని, గుమ్మం దాటి, ఎండలోకి ఉరికాడు. ఉరుకుతుంటే అతని బిళ్ళ ఒక్కో ముక్కకీ "సరే" చెబుతోంది. ఒక్కో అడుక్కీ మంట తగ్గుతోంది. రచ్చబండ దగ్గరికొచ్చేసరికి ఒంట్లో ఏమీ లేదు. చెమట ఒక్కటే.

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. నాంచారమ్మ కర్ర తాటిస్తూ అతని వెనకే వచ్చింది.

"ఏమయిందిరా? ఆయనకి తెలిసిందా, తెలీలేదా?"

"తెలీలేదు పిన్నీ." అతని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "తెలీకే పోయాడు. ఒళ్ళు లేపింది. లే, పరిగెత్తు అని అరిచింది. ఆ అరుపు ఆయనకి అందకుండా మేం మోసేశాం. ఊరంతా కలిసి మోసేశాం."

నాంచారమ్మ కర్ర మీదికి ఒరిగింది. "కాపలాకుక్క మొరుగుతుంటే," అంది నెమ్మదిగా, "నిద్ర చెడతందని దాని నోరు కట్టేశారన్నమాట."

కొట్టలేదు, తిట్టలేదు. అక్కడే నేలమీద చతికిలబడి, కర్ర పక్కన పెట్టి, అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళకి.

మాల్యాద్రి ఆవిడ పక్కన కూర్చోబోయాడు. కూర్చోలేదు. వీధి కనపడిందతనికి.

ఎదురరుగు మీద బాలకోటమ్మ పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుని కూర్చుంది. పాలకేంద్రం తలుపుకి ఆనుకుని మస్తాన్ నడుం వంచి నిలబడ్డాడు. ఆ పక్కింట్లో ఎవరో మూలుగుతున్నారు. దిగిపోయిందిగా వీరనారాయణ నొప్పి? ముక్క మిగలకుండా తనే దించాడుగా?

"పోలేదురా అబ్బాయ్," అంది బాలకోటమ్మ. "మంట పోయింది గానీ, ఈసారి కడుపులోకి దిగింది."

"ఎట్టా ఉంది?"

"నడుంకాడ పట్టేస్తది. మెల్లిగా ముందుకొస్తది. వదుల్తది. కాసేపటికి మళ్ళీ పడతది." ఆమె కళ్ళెత్తి చూసింది. ఆమె నలుగురిని కన్న మనిషి. నోరు తెరిచింది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి దేవుడా. మాల్యాద్రీ, ఇది కాలిన నొప్పి కాదురా."

"ఎప్పట్నించి?"

"పొద్దుట్నించీ ఉంది. అంతా ఆ సచ్చినోడిదే అనుకున్నాం," అన్నాడు మస్తాన్.

ఆ వీధిలో కడుపుతో ఉన్న మనిషి ఒక్కతే.

మాల్యాద్రి మళ్ళీ పరిగెత్తాడు. ఈసారి కాళ్ళు చచ్చినవాడి మాట వినడం లేదు, అసలు ఎవరి మాటా వినడం లేదు. రెండుసార్లు పడ్డాడు. లేస్తూనే హైమవతికి ఫోను కలిపి చెవికి పెట్టుకున్నాడు.

సుకన్య వసారాలో అక్కడే ఉంది. చేట ఖాళీ అయింది. పప్పు డబ్బాలో పోసి మూత పెడుతూ, అతన్ని చూసి నవ్వింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"దిగిందా బావా? దిగినట్టే ఉంది, నాకు ఒళ్ళంతా హాయిగా ఉంది. ఏంది అట్టా చూస్తన్నావు?"

ఆమె కూర్చున్న పీట చుట్టూ తడి. తడిలో ఎరుపు. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి అంటుకుని ఉన్నాయి. ఆమెకు తెలియదు. ఆమె ఒళ్ళు పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది. ఊరు ఆ మాటను తలా కాస్త మోసుకుపోయి, శ్రద్ధగా దించి, చెరిపేస్తోంది.

"మేడమ్, ఆపెయ్యండి!"

"ఆపితే ఎవరి నొప్పులు వాళ్ళకి ఒక్కసారే..." హైమవతి గొంతు ఫోనులో తడబడింది.

"ఆపెయ్యండి! ఇప్పుడే!"

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఊరు మూలిగింది. ఇంటింటా నడుములు, మోకాళ్ళు, మెడలు తమ నొప్పుల్ని తిరిగి పుచ్చుకుంటుంటే, ఒక్కో గుమ్మం నుంచీ ఒక్కో కేక లేచింది. కొడుకు వెనకాలే పరిగెత్తుకొస్తున్న తిరుపాలమ్మ వీధి మధ్యలో మోకాళ్ళు పట్టేసి కూలబడింది. అక్కణ్ణుంచే, "నన్ను చూడమాకరా! దాన్ని చూడు!" అని అరిచింది.

సుకన్య చేతిలోని డబ్బా జారింది. పప్పు వసారా అంతా చెదిరింది. ఆమె రెండు చేతులూ కడుపు మీదకి వెళ్ళాయి. ముఖంలో ముందు ఆశ్చర్యం కనపడింది, ఆ వెనకే నొప్పి. గుంజ పట్టుకుని, మెడ నరాలు తేలేలా కేకేసింది. మాల్యాద్రి జన్మలో అంత పెద్ద కేక వినలేదు.

"బావా! అడ్డం తిరిగినట్టుందయ్యా! వీడు అడ్డం తిరిగాడు! బండి, బండి తీయించు!"

ఆమెకే తెలిసింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మస్తాన్ పాల వ్యాను వెనక్కి తిప్పి గుమ్మం దగ్గర పెట్టాడు. ఊళ్ళో నడవగలిగినవాళ్ళే తక్కువ. అయినా బాలకోటమ్మ నడుం పట్టుకుని వచ్చి సుకన్య తల ఒళ్ళో పెట్టుకుంది. క్యాన్ల మధ్య గోనెలు పరిచారు. ఆసుపత్రికి ఫోను చేస్తే అవతలి నర్సు, "నొప్పులు గట్టిగా తెలుస్తున్నాయా? ఎంతెంతసేపటికి? ఆమెనే చెప్పమనండి," అంది. సుకన్య పళ్ళు బిగించి చెప్పింది. "సరిగ్గా చెబుతోంది, తొందరగా తీసుకురండి, మేం సిద్ధంగా ఉంటాం," అంది నర్సు.

వ్యాను ఊరు దాటి తారురోడ్డెక్కింది. మాల్యాద్రి ముందు సీట్లో మస్తాన్ పక్కన కూర్చున్నాడు. వెనకాల సుకన్య కేక లేస్తోంది, ఆగుతోంది, మళ్ళీ లేస్తోంది. కేక ఆగినప్పుడల్లా అతను వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ వినపడ్డాకే రోడ్డు వంక చూశాడు.